ఏ దుఃఖాన్ని ఎంచుకోవాలి: అయిదు విషాద స్వలింగ ప్రేమ సిరీస్‌ల పోలిక

విషాద ప్రేమకథ చూడాలనుకునేవారు ముందుగా అడిగేది, వీటిలో ఏది ఎక్కువ ఏడిపిస్తుంది అని. ఇద్దరు పురుషుల ప్రేమను చెప్పే సిరీస్‌ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నవారికి ఆ ప్రశ్న దారి చూపదు, ఎందుకంటే ఇక్కడ పోల్చబోయే అయిదూ ఏడిపిస్తాయి. కాకపోతే ఒకటి కోపంతో ఏడిపిస్తుంది, ఒకటి సిగ్గుతో, మరొకటి ఎదురుచూపుతో. పోయినవాడి కోసం ఏడ్చే హక్కు బతికున్నవాడికి ఆ కథలో ఎంతవరకు దక్కింది అన్నదాన్ని బట్టి ఎంచుకుంటే ఎవరికి తగినది వారికి దొరుకుతుందని నా అభిప్రాయం. ఈ కథల్లోని మరణాలను దాచిపెట్టి పోల్చడం సాధ్యం కాదు కనుక ముగింపుల గురించి కొంత చెప్పవలసి వస్తోంది. ఏమీ తెలియకుండా చూడదలచినవారు పట్టిక వరకు చదివి ఆగిపోవచ్చు.

## ముందుగా చూసుకోవలసినవి

మొదటిది ఆశ. ప్రియుడి ఎడబాటునూ ప్రియుడి మరణాన్నీ మన అలంకారశాస్త్రం ఒకే గాటన కట్టలేదు. నాట్యశాస్త్రంలో భరతుడు విప్రలంభాన్ని సాపేక్షమనీ, కరుణను నిరపేక్షమనీ వేరు చేశాడు: తిరిగి కలుస్తామన్న ఆశ మిగిలి ఉన్న బాధ మొదటిది, ఆ ఆశ పూర్తిగా తెగిపోయిన బాధ రెండవది. తరువాతి ఆలంకారికులు ఈ రెండింటి నడుమ కరుణ విప్రలంభాన్ని చేర్చారు. ప్రేమికుల్లో ఒకరు లోకాంతరం చేరినా మళ్ళీ దక్కుతారన్నప్పుడు రెండోవారు పడే వేదన అది. ఈనాటి సిరీస్‌లకు కూడా ఈ విభజన చక్కగా అమరుతుంది. విప్రలంభం కోసం వెతుకుతున్నవారికి కరుణ ఎదురైతే ఆ కథ క్రూరంగా కనిపిస్తుంది, లోపం కథలో లేకపోయినా.

రెండవది, దుఃఖానికి మూలం. రోగం వల్ల కలిగిన దుఃఖం వేరు, చట్టం వల్ల కలిగినది వేరు, కన్నవాళ్ళ వల్ల కలిగినది వేరు. ప్రేమించినవాడే చేసిన ద్రోహం వల్ల కలిగినది వీటన్నిటికంటే వేరు.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, దుఃఖించే హక్కు. ఒక భార్యకు భర్త పోతే, ఒక తల్లికి కొడుకు పోతే, ఊరంతా పరామర్శకు వస్తుంది. కడసారి చూపు ఉంటుంది, దినకర్మ ఉంటుంది, ఏడిస్తే పట్టుకునే చేతులు ఉంటాయి. ఎవరికీ చెప్పుకోని ప్రేమలో ఇవేవీ ఉండవు. గుంపులో చివరన, స్నేహితుడి హోదాలో, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా నిలబడాలి. ఒక్కోసారి ఆ చోటు కూడా దక్కదు. సమాజం గుర్తించని ఈ శోకానికి అమెరికన్ పండితుడు కెనెత్ డోకా 1989లో ఒక సిద్ధాంత రూపం ఇచ్చాడు. మనకూ ఇది దూరపు సంగతి కాదు. స్వలింగ వివాహాల గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఉన్నారు. 2023 అక్టోబర్ 17న రాజ్యాంగ ధర్మాసనం ఆ గుర్తింపును నిరాకరించింది. తరువాత 2024లో, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని భాగస్వామి తీసుకునే వీలు గురించి కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. బంధువులు ఉండి, వద్దన్నప్పుడు ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది, ఈ అయిదింటిలో రెండు సిరీస్‌లు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే నిలబడతాయి.

నిడివి, పడకగది సన్నివేశాలు, ఇంట్లో ఎవరితో కలిసి చూడవచ్చు అన్నవి చిన్న విషయాలే అయినా అవసరమైనవి. వాటిని పట్టికలోనూ ఆయా భాగాల్లోనూ చెబుతాను.

| సిరీస్ | దేశం, సంవత్సరం | నిడివి | దుఃఖానికి మూలం | ఏడ్చే హక్కు |
|---|---|---|---|---|
| చేతితొడుగులు లేకుండా కన్నీళ్ళు తుడవవద్దు (పేరుకు అర్థం) | స్వీడన్, 2012 | 3 భాగాలు | రోగం, మతం, కన్నవాళ్ళు | లాగేసుకున్నారు |
| ఇట్స్ ఎ సిన్ | బ్రిటన్, 2021 | 5 భాగాలు | రోగం, దాచుకున్న సిగ్గు | స్నేహితులు పోరాడి కొంత తెచ్చుకున్నారు |
| ఫెలో ట్రావెలర్స్ | అమెరికా, 2023 | 8 భాగాలు | ప్రభుత్వం, ప్రియుడి పిరికితనం | చాలా ఆలస్యంగా, తనకు తానే ఇచ్చుకున్నాడు |
| ది అన్‌టేమ్డ్ | చైనా, 2019 | 50 భాగాలు | అపనింద, గుంపు హింస | మౌనంగా, ఎవరికీ చెప్పకుండా |
| ఎటర్నల్ యెస్టర్‌డే | జపాన్, 2022 | 8 చిన్న భాగాలు | ప్రమాదం | వీడ్కోలుకు కొంత గడువు దొరికింది |

## స్వీడన్ సిరీస్: దుఃఖాన్ని లాక్కున్నప్పుడు

యోనాస్ గార్డెల్ రాసిన ఈ మూడు భాగాల సిరీస్ ఒక ఆసుపత్రి గదిలో మొదలవుతుంది. ఎయిడ్స్ సోకి, ఒళ్ళంతా పుండ్లతో పడి ఉన్న యువకుడి కన్నీటిని ఒక నర్సు ఒట్టి చేతితో తుడుస్తుంది. ఆమెకంటే అనుభవం ఉన్న మరో నర్సు అందుకు మందలిస్తుంది. సిరీస్ పేరు ఆ మందలింపు నుంచే వచ్చింది. ప్రేమ, రోగం, మరణం అన్నవి మూడు భాగాల పేర్లు. అంటే ఎక్కడికి వెళ్తున్నామో మొదటి నిమిషం నుంచీ తెలుసు, ఆశ పెట్టుకోమని కథ మనల్ని ఎక్కడా మభ్యపెట్టదు. పూర్తిగా నిరపేక్షమైన కరుణ ఇది.

స్వలింగ ప్రేమను స్వీడన్ 1979 వరకు రోగాల జాబితాలో ఉంచింది. ఆ తరువాతి కొద్ది ఏళ్ళలో, పల్లెటూరి నుంచి స్టాక్‌హోమ్ చేరిన రాస్ముస్, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టి ఇంటింటికీ తిరిగి మతబోధ చేసే బెంజమిన్ ఒకరినొకరు కలుసుకుంటారు. ప్రేమ కోసం బెంజమిన్ తన విశ్వాసాన్ని, దానితోపాటు తల్లిదండ్రులను పోగొట్టుకుంటాడు. వాళ్ళు బతికే ఉంటారు, కానీ అతడితో మాట్లాడరు. తరువాత రాస్ముస్‌ను రోగం తీసుకుపోతుంది. చివరిదాకా సేవ చేసింది బెంజమిన్ అయినా, అంత్యక్రియలు సొంత ఊరిలో కన్నవాళ్ళ చేతుల మీదుగా జరుగుతాయి, వాటిలో అతడికి చోటుండదు. కొడుకును నిజంగానే ప్రేమించిన తల్లిదండ్రులు, ఊరి మాటకు భయపడి, ఆ కొడుకు ప్రేమించినవాడిని గడప దాటనివ్వకపోవడం ఈ కథలోని అసలు విషాదం. వాళ్ళను దుర్మార్గులుగా చూపకపోవడం వల్లనే అది భరించలేనంత బరువుగా ఉంటుంది. అటువంటి తల్లిదండ్రులు మన వీధిలోనూ ఉంటారు, మంచివాళ్ళన్న పేరుతోనే ఉంటారు.

అయిదింటిలో ఏది గొప్పదని అడిగితే నేను దీన్నే చెబుతాను. ఏది ముందు చూడాలని అడిగితే మాత్రం దీన్ని చెప్పను. మూడే భాగాలు కదా అని ఒక్క రాత్రిలో ముగించాలనుకోవడం మంచిది కాదు. భాగానికీ భాగానికీ మధ్య కనీసం ఒక రోజు ఉండాలి.

## ఇట్స్ ఎ సిన్: నవ్వుల మధ్య నుంచి

రసెల్ టి డేవిస్ సృష్టించిన ఈ సిరీస్ 1981 నుంచి 1991 వరకు లండన్‌లో సాగుతుంది. ఒకే ఇంట్లో అద్దెకుంటూ ఆ ఇంటికి పింక్ ప్యాలెస్ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్ళు, వాళ్ళను కనిపెట్టుకుని ఉండే జిల్ అనే అమ్మాయి ఇందులో ప్రధాన పాత్రలు. ఇద్దరి ప్రేమ ఎలా తెగిపోయిందో చూడాలనుకునేవారికి ఇది కొంత వెలితిగా ఉండవచ్చు, ఎందుకంటే ఇక్కడి దుఃఖం ఒక జంటది కాదు, ఒక మిత్రబృందానిది. పాటలు, పార్టీలు, గదుల్లో కేరింతలు నిండిన కథలోంచి ఎయిడ్స్ వల్ల ఒక్కొక్కరే మాయమవుతుంటారు. అందరికంటే నెమ్మదస్తుడు, దర్జీ దుకాణంలో పనిచేసే కాలిన్‌ను ఆసుపత్రి గదిలో పెట్టి తాళం వేసే సన్నివేశం చూసినవారికి, రోగం చంపడానికి ముందే మనుషులు మనిషిని ఎలా చంపగలరో అర్థమవుతుంది.

జిల్ పాత్రకు ప్రేరణ నిజజీవితంలోని జిల్ నాల్డర్. తెర మీద జిల్‌కు తల్లిగా కనిపించేది ఆమే. చివరి భాగంలో, ఆ కుర్రాళ్ళలో ఒకడైన రిచీని అతని తల్లి సొంత ఊరికి తీసుకుపోయి, స్నేహితులెవరినీ చూడనివ్వదు. అతడు పోయాడన్న సంగతి జిల్‌కు మరుసటి రోజు తెలుస్తుంది. అప్పుడు జిల్ ఆ తల్లితో మాట్లాడే మాటలు ఈ సిరీస్‌కు ప్రాణం: ఇంట్లో నేర్పిన సిగ్గే కొడుకు చేత అబద్ధాలు ఆడించిందనీ, ఆ అబద్ధాలే ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చాయనీ ఆమె నిలదీస్తుంది. ఆ తరువాత జిల్ ఆసుపత్రికి వెళ్ళి, నావాళ్ళని చెప్పుకునేవారెవరూ రాని ఒక అపరిచితుడి పక్కన కూర్చుంటుంది.

కోపం రావాలనుకునేవారికి, ఏడుస్తూనే ఎవరితోనైనా వాదించాలనిపించేవారికి ఇది తగినది. తమ కొడుకు పురుషుణ్ణి ప్రేమిస్తాడని కొత్తగా తెలుసుకుని ఏం చేయాలో పాలుపోని తల్లిదండ్రులు ఒక్కటే చూడగలిగితే, అది ఇదే అయి ఉండాలి. మొదటి భాగంలోని శృంగార సన్నివేశాలు ఇబ్బంది పెడతాయి కనుక పిల్లలతో కలిసి కాక విడిగా చూడటం నయం.

## ఫెలో ట్రావెలర్స్: ప్రేమించినవాడే ముంచినప్పుడు

పై రెండింటిలో దోషం బయట ఉంది. ఇందులో సగం దోషం ప్రేమించినవాడిదే, అందువల్ల దీన్ని తట్టుకోవడం మరొక రకంగా కష్టం.

1953 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450 నంబరు ఉత్తర్వు ఆధారంగా, స్వలింగ ప్రేమికులన్న అనుమానంతో వేలమందిని ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించారు. ఆ రోజుల వాషింగ్టన్‌లో, ఎక్కడ ఎలా మసలుకోవాలో బాగా తెలిసిన అధికారి హాక్, దేవుడినీ దేశాన్నీ సమానంగా నమ్మే అమాయకుడు టిమ్ దగ్గరవుతారు. కథ ముప్ఫై ఏళ్ళకు పైగా నడుస్తుంది. హాక్ పెళ్ళి చేసుకుంటాడు, పిల్లలను కంటాడు, పదవులు పొందుతాడు. టిమ్ ప్రతిసారీ వెళ్ళిపోతాడు, ప్రతిసారీ తిరిగి వస్తాడు. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టిమ్ మరణశయ్య మీద ఉన్నాడని తెలిసి హాక్ బయలుదేరడంతో మొదలై, కథ వెనక్కీ ముందుకీ కదులుతూ ఉంటుంది.

ఇక్కడి బాధ ఎక్కువ భాగం విప్రలంభం. ఇద్దరూ బతికి ఉన్నారు, ఒకే నగరంలో ఉన్నారు, అయినా ఒకరికొకరు దక్కరు. ఆ ఎడబాటుకు కారణం శాపమో సముద్రమో కాదు, హాక్ ఎంచుకున్న సురక్షితమైన జీవితం. తనను తాను కాపాడుకోవడానికి అతడు టిమ్‌కు చేసిన ద్రోహం బయటపడినప్పుడు, అంతవరకు హాక్ మీద పెంచుకున్న జాలి ఏమవుతుందో ఎవరికి వారే తేల్చుకోవాలి. నేను అతడిని క్షమించలేకపోయాను, అతడి కోసం ఏడవకుండానూ ఉండలేకపోయాను.

ముగింపు 1987 నాటి వాషింగ్టన్‌లో జరుగుతుంది. ఎయిడ్స్‌తో పోయినవారి పేర్లు కుట్టిన గుడ్డ పలకలను కలిపి పరిచిన మహా అతుకుల బొంతను ఆ ఏడాది అక్టోబర్ 11న అక్కడ మొదటిసారి ప్రదర్శించారు. 1,920 పలకలు, ఒక్కొక్కటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, అంటే ఒక సమాధి అంత. అక్కడ, కన్నకూతురి ఎదుట, టిమ్ తనకు ఏమవుతాడో హాక్ మొదటిసారి నోరు తెరిచి చెబుతాడు. దుఃఖించే హక్కును అతడి నుంచి ఎవరూ లాక్కోలేదు, బతికినంతకాలం అతడే దాన్ని వద్దనుకున్నాడు. అందుకే ఆ ఒక్క వాక్యం అంత పని చేస్తుంది.

శృంగార సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి, పైగా వాటిలోనే ఇద్దరి మధ్య పెత్తనం ఎవరిదన్నది కూడా కథ చెబుతుంది కాబట్టి దాటవేస్తే కథ తెగుతుంది. పెళ్ళి అనే ముసుగులో బతుకుతున్న పాఠకులకు ఇది అన్నిటికంటే సూటిగా తగులుతుంది. హాక్ భార్య లూసీ పాత్రను కూడా గమనించమని కోరతాను; ఇటువంటి పెళ్ళిళ్ళలో మోసపోయే ఆడవాళ్ళ వేదన ఈ తరహా కథల్లో అరుదుగా ఇంత గౌరవం పొందుతుంది.

## ది అన్‌టేమ్డ్: పదహారేళ్ళ ఎదురుచూపు

ఇది విషాదాంతం కాదు. అయినా ఈ వరుసలో చేర్చడానికి కారణం ఉంది: కరుణ విప్రలంభానికి నేటి తెర మీద ఇంతకంటే సరైన ఉదాహరణ నాకు తెలియదు. అందరూ ద్వేషించే వేయ్ ఊషియాన్ కొండ అంచు నుంచి పడి మరణిస్తాడు. పదహారేళ్ళ తరువాత తిరిగి వస్తాడు. ఈ మధ్యకాలాన్ని, అతడిని ప్రేమించిన లాన్ వాంగ్జీ ఎలా గడిపాడన్నది కథ నేరుగా చెప్పదు. పోయినవాడు ఒకప్పుడు ఎత్తుకు తిరిగిన అనాథ పసివాడిని తన వంశంలో చేర్చుకుని పెంచాడన్న సంగతి మాత్రం నెమ్మదిగా తెలుస్తుంది. ఒక గుహలో ప్రాణాపాయంలో ఉన్నప్పుడు తాను వినిపించిన పాటను, ఆ ఒక్కడికి తప్ప ఎవరికీ తెలియని పాటను, ఏళ్ళ తరువాత అడవిలో ఎవరో వేణువు మీద వాయించగానే వచ్చి ఆ చేతిని పట్టుకుంటాడు. మాట ఒక్కటీ ఉండదు.

చైనా సెన్సార్ నియంత్రణల వల్ల మూల నవలలోని ప్రేమ ఇక్కడ గాఢమైన స్నేహంగా మారింది. దీన్ని కొందరు లోపంగా చూస్తారు. పైకి చెప్పడానికి వీలులేని ప్రేమను గురించిన కథ తానే పైకి చెప్పలేకపోవడం, నా మటుకు, ఆ బాధను మరింత పెంచింది. ముద్దు కూడా లేదు కనుక ఇంట్లో అందరితో కలిసి చూడవచ్చు, అమ్మానాన్నల దగ్గర రహస్యం బయటపడుతుందన్న భయం లేకుండా ఇటువంటి కథ చూడాలనుకునే కుర్రవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు. దీని ఇబ్బంది నిడివి. మొదటి రెండు భాగాలు ఎవరు ఎవరో తెలియక తికమకపెడతాయి, ఆ తరువాత ముప్ఫై భాగాలు గతంలోనే నడుస్తాయి. పదో భాగం వరకు ఓపిక పట్టలేనివారు దీన్ని మొదలుపెట్టకపోవడమే మేలు.

## ఎటర్నల్ యెస్టర్‌డే: గడువు ఇచ్చిన మరణం

జపాన్‌లోని ఒక పాఠశాల. కోయిచిని లారీ గుద్దుతుంది, గుండె ఆగిపోతుంది, అయినా అతడు లేచి నిలబడి, ప్రేమించిన మిత్సురుతో కలిసి బడికి వెళ్తూనే ఉంటాడు. ఒళ్ళు చల్లగా ఉంటుంది, నాడి ఉండదు. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కరి కంటికి కనబడకుండా పోతాడు. వింతగా వినిపించే ఈ ఊహ, ఆప్తులను హఠాత్తుగా పోగొట్టుకున్న ప్రతివారూ కోరుకునే ఒకే ఒక్క కోరికను తీరుస్తుంది: చెప్పవలసినవి చెప్పుకోవడానికి మరికొన్ని రోజులు. ఇందులో శత్రువులు లేరు, చట్టం లేదు, సిగ్గు కూడా పెద్దగా లేదు. ఒక్కో భాగం అరగంటకు మించదు, హింస లేదు, మాటలు తక్కువ.

## ఎవరికి ఏది

దగ్గరివారిని ఇటీవలే పోగొట్టుకున్నవారు స్వీడన్ సిరీస్ జోలికి ఇప్పుడు వెళ్ళవద్దు. ఆ మరణం రోడ్డు ప్రమాదమైతే ఎటర్నల్ యెస్టర్‌డే కూడా వద్దు; కాకపోతే అదే మొదటిది కావాలి. ప్రేమ ముగిసిపోయి, ఆ వ్యక్తి మాత్రం ఎక్కడో బతికే ఉన్నవారికి ఫెలో ట్రావెలర్స్ కంటే ది అన్‌టేమ్డ్ మేలు, ఎందుకంటే ఫెలో ట్రావెలర్స్ పాత సందేశాలను మళ్ళీ తెరిచి చదివించే రకం కథ.

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికీ వారి కుటుంబాలకూ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. దేశంలో హెచ్‌ఐవీ ప్రభావం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి కనుక ఈ మాట చాలా ఇళ్ళకు వర్తిస్తుంది. స్వీడన్, బ్రిటన్, అమెరికా సిరీస్‌లు మూడూ చూపేది 1996లో సమ్మేళన చికిత్స (పలు మందులను కలిపి ఇచ్చే చికిత్స) రాకముందు కాలాన్ని. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రమంగా మందులు వాడి రక్తంలో వైరస్ గుర్తించలేనంత తగ్గినవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు. తెర మీది ఆ మరణాలను నేటి తమ భవిష్యత్తుగా ఎవరూ చూసుకోనక్కరలేదు.

మరణమే వద్దు, విరహం చాలు అనేవారికి ఈ అయిదింటి బయట రెండు ఉన్నాయి. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో జరిగే ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యూ అయిదు భాగాల్లో, తన మనసు తనకే అర్థంకాని ఒక కుర్రవాడి తపనను ఎంతో లలితంగా చూపుతుంది. మనకు దగ్గరి ప్రపంచం కావాలంటే మేడ్ ఇన్ హెవెన్ ఉంది. స్వలింగ సంబంధాలను అప్పట్లో నేరంగా చూసిన 377వ సెక్షన్ కింద అరెస్టయిన కరణ్, బడి రోజుల్లో తనను తాను కాపాడుకోవడానికి నవాబ్‌కు చేసిన ద్రోహాన్ని ఏళ్ళ తరువాత ఎదుర్కొనే భాగాలు, హాక్ కథకు ఢిల్లీ నుంచి వచ్చిన జవాబులా ఉంటాయి. పెళ్ళిళ్ళ చుట్టూ తిరిగే ఉపకథలు చాలా ఉన్నందున, కేవలం కరణ్ కోసం చూసేవారికి కొంత ఓపిక కావాలి.

అయిదింటినీ వరుసగా చూడదలచినవారు ఎటర్నల్ యెస్టర్‌డేతో మొదలుపెట్టి, ఇట్స్ ఎ సిన్, ఫెలో ట్రావెలర్స్ చూసి, ఆ తరువాత స్వీడన్ సిరీస్‌కు వెళ్ళవచ్చు. ది అన్‌టేమ్డ్‌ను అన్నిటికీ చివర ఉంచుకోండి. పోయినవాడు తిరిగి వచ్చి నిలిచిపోయే కథ ఈ వరుసలో అదొక్కటే.